అర్థం చెప్పే అధికారం ఎవరిది?

ముస్లిం స్త్రీ అనగానే మన స్త్రీవాద చర్చల్లో మూడు మాటలు ముందుకొస్తాయి: బురఖా, తలాఖ్, బహుభార్యత్వం. ఈ మూడింటి మీద రాయనివాళ్ళు లేరు. మరి ఖులా మీద ఎంతమంది రాశారు? ఇష్టంలేని పెళ్ళి నుంచి బయటపడే హక్కు ముస్లిం స్త్రీకి ఆమె మతంలోనే ఉందని, ఆ హక్కు ఆమె చేతికి అందకుండా చేసినవాళ్ళు మతగ్రంథాన్ని చదివి అర్థం చెప్పే మగవాళ్ళని మన పత్రికల్లో ఎన్నిసార్లు చదివాం?

సాహిత్య విద్యార్థిని కాబట్టి నాకు ముందు వ్యాకరణమే కనిపిస్తుంది. పై మూడు మాటల్లోనూ స్త్రీ కర్తగా ఉండదు. బురఖా ఆమెకు వేయిస్తారు. తలాఖ్ ఆమెకు చెప్తారు. సవతిని ఆమె మీదికి తెస్తారు. ఖులా అడిగేది మాత్రం ఆమే. ఆమె కర్త అయిన ఒక్క మాట మన చర్చల్లో లేకపోవడం యాదృచ్ఛికమని నేననుకోను. మనకు అలవాటైన ముస్లిం స్త్రీలు ఇద్దరే. ఒకరు బాధితురాలు. రెండోవారు మతాన్ని వదిలేసి బయటికొచ్చిన తిరుగుబాటుదారు. లోపలే నిలబడి, చేతిలో ఖుర్ఆన్ పట్టుకుని, ముల్లాతో "మీరు చెప్పిన అర్థం తప్పు" అని వాదించే స్త్రీకి మన దగ్గర పేరు లేదు. ఆమెను చూసి ఇబ్బందిపడతాం. "ఇంకా పూర్తిగా ఎదగలేదు" అనుకుంటాం.

ఈ వ్యాసం ఆ మూడో స్త్రీ తరఫున రాస్తున్నాను. ఆమె చేస్తున్నది స్త్రీవాద రాజకీయమేనని నా వాదన. అయితే మతం పేరుతో ఆడవాళ్ళు గుమిగూడిన ప్రతిచోటా సాధికారత ఉందని చెప్పడానికి కూడా నేను సిద్ధంగా లేను. ఆ తేడా ఎక్కడుందో తేల్చుకోకపోతే ఇటు తిరస్కారం, అటు ఆరాధన తప్ప మనకు మూడో దారి ఉండదు.

ముందు మన వైపు నుంచి వచ్చే పెద్ద అభ్యంతరం చూద్దాం. మతమే పితృస్వామ్యానికి పునాది కదా, అందులో ఉండి స్త్రీ ఏం సాధిస్తుంది అంటారు. ఒక సెమినార్‌లో నా పత్రం అయ్యాక ఒక సీనియర్ విమర్శకురాలు నన్నడిగిన ప్రశ్న ఇంకా సూటిగా ఉంది: "ఇంతకీ నువ్వు బయటికొచ్చావా, లోపలే ఉన్నావా?" సభలో ఉన్న మిగతా వక్తలను ఎవరూ ఈ మాట అడగలేదు. వాళ్ళలో ఉపవాసాలు చేసేవాళ్ళున్నారు, కార్తీకమాసంలో దీపాలు పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళు మాట్లాడాలంటే మతం నుంచి రాజీనామా పత్రం చూపించక్కర్లేదు. నేను చూపించాలి.

మన చరిత్రలోకి ఒకసారి తొంగి చూద్దాం. 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం ఆ పనికి శాస్త్ర ప్రమాణం ఎక్కడ వెతికాడు? పరాశర స్మృతిలో. పండితులు శాస్త్రం చూపించి కాదంటే ఆయన శాస్త్రం చూపించి ఔనన్నాడు. భండారు అచ్చమాంబ స్త్రీవిద్య కోసం వాదిస్తూ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూర్చినప్పుడు సంప్రదాయం గౌరవించే స్త్రీల జీవితాలనే సాక్ష్యంగా తెచ్చింది. వీళ్ళిద్దరినీ మనం తలకెత్తుకుంటాం, అది న్యాయమే. వాళ్ళను మతం వదిలి రమ్మని మనం అడగలేదు. అడిగుంటే ఆ మాట వినేవాళ్ళు ఆనాడు ఒక్కరూ ఉండేవాళ్ళు కాదు. ఎవరితో వాదిస్తున్నామో వాళ్ళకు చెల్లే ప్రమాణంతో వాదించడం సంఘ సంస్కరణకు మొదటి సూత్రం. వీరేశలింగానికి అది వ్యూహం అని, ముస్లిం స్త్రీకి అది వెనకబాటుతనం అని అంటే ఆ కొలబద్దలోనే ఏదో తేడా ఉందన్నమాట.

మన కాలానికి వస్తే, ఓల్గా 'విముక్త' కథల్లో రామాయణ స్త్రీలను కొత్తగా చూపించింది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. దాన్ని స్త్రీవాద పునఃపఠనం అన్నాం. ఆఫ్రికన్ అమెరికన్ పండితురాలు ఆమినా వదూద్ 1992లో ఖుర్ఆన్‌ను స్త్రీ దృష్టితో చదివి పుస్తకం రాస్తే అది మనకు మతప్రచారంలా ఎందుకు కనిపించాలి? రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. ఓల్గాది సృజన. ఆమె కథను నమ్మమని ఎవర్నీ అడగదు. వదూద్‌ది వ్యాఖ్యానం. విశ్వాసిగా ఆమె దాన్ని దేవుని వాక్కుగానే తీసుకుంటుంది. తేడా ఉన్నా పని స్వభావం ఒకటే: నీ గురించి చెప్పిన కథకు అర్థం నువ్వే చెప్పుకోవడం.

ఈ పని ఎంత పాండిత్యంతో జరుగుతోందో మన తెలుగు శాఖలకు అర్థం కావాలంటే మన భాషలోనే చెప్పాలి. మొరాకో సామాజిక శాస్త్రవేత్త ఫాతిమా మెర్నిస్సీ 1987లో ఫ్రెంచ్‌లో వేసిన పుస్తకంలో ఒక హదీసును పట్టుకుంది. తమ వ్యవహారాలు ఆడదాని చేతిలో పెట్టే జాతి బాగుపడదని చెప్పే హదీసు అది. దాన్ని చెప్పిన అబూ బక్రా ఎవరు, ప్రవక్త పోయిన పాతికేళ్ళ తర్వాత, ఆయేషా యుద్ధంలో ఓడిపోయిన సమయంలోనే అది ఆయనకు ఎందుకు గుర్తొచ్చింది అని ఆధారాలు తవ్వింది. మనం తాళపత్ర ప్రతులు పక్కపక్కన పెట్టుకుని ప్రక్షిప్తాలు తేల్చడానికి పడే పాట్లు ఎలాంటివో ఇవీ అలాంటివే. వదూద్ ఇంకో దారిలో వెళ్ళింది. ఖుర్ఆన్‌లో మానవ సృష్టిని చెప్పే చోట వాడిన 'నఫ్స్' అనే పదం అరబ్బీ వ్యాకరణంలో స్త్రీలింగం, 'జౌజ్' అంటే జంటలో ఒకరు, అది పుంలింగం. ఆడదాన్ని మగవాడి పక్కటెముక నుంచి చేశారన్న కథ ఖుర్ఆన్‌లో లేనే లేదు. పద్నాలుగు వందల ఏళ్ళు ఆ కథ చెప్పి మనల్ని వంచినవాళ్ళకు ఇంతకంటే సూటి జవాబు ఏముంటుంది? పాఠపరిష్కరణ, పదచర్చ, వ్యాఖ్యాన సంప్రదాయ విమర్శ మన శాఖల్లో గౌరవనీయమైన పనులే కదా. అవే పనులు మసీదు గుమ్మంలో జరిగితే వాటిని విమర్శగా గుర్తించలేకపోతున్నాం.

అర్థాలు మారవు, షరియత్ రాతి శాసనం అని చెప్పేవాళ్ళు మన ఉలేమాలోనూ ఉన్నారు, వాళ్ళ మాట నిజమని నమ్మే స్త్రీవాదులూ ఉన్నారు. ఈ విషయంలో ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. వాళ్ళిద్దరికీ పంజాబు కథ చెప్పాలి. బ్రిటిష్ పాలనలో అక్కడ హనఫీ న్యాయం ప్రకారం భర్త వదిలేసినా, కనబడకుండా పోయినా ముస్లిం స్త్రీకి విడుదల దొరకడం అసాధ్యంగా ఉండేది. ఆడవాళ్ళు ఒక దారి కనిపెట్టారు. మతం మారాం అని ప్రకటించారు. దాంతో పెళ్ళి రద్దయ్యేది. ఇది పెరుగుతుంటే ఉలేమా గుండెల్లో రాయి పడింది. ఆడపిల్లలు ఎలా అణకువగా ఉండాలో 'బిహిష్తీ జేవర్' అనే పెద్ద పుస్తకం రాసిన మౌలానా అష్రఫ్ అలీ థానవీయే 1930ల మొదట్లో మాలికీ న్యాయశాఖ నుంచి సూత్రాలు అరువు తెచ్చి స్త్రీకి విడాకుల దారి చూపించాడు. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. అవసరమైనప్పుడు తలుపు తెరుచుకుంది. గడియ ఎప్పుడూ లోపలివాళ్ళ చేతిలోనే ఉంది. దాన్ని తట్టినవాళ్ళు మాత్రం స్త్రీలు. ఆ స్త్రీల పేర్లు మాత్రం ఏ చరిత్రా రాసిపెట్టలేదు.

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో ఆదివారం జొహర్ నమాజు అయ్యాక ఒకరి ఇంటి వరండాలో ఇరవై, ఇరవై అయిదుమంది ఆడవాళ్ళు చేరతారు. మా అమ్మ కూడా వెళ్తుంది. మాది తెలుగు మాట్లాడే ఇల్లు. అమ్మకు అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు, అర్థం తెలియదు. ఉర్దూ అంతంతమాత్రం. ఆ వరండాలో పాఠం చెప్పే అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. ఆడపిల్లల మదర్సాలో ఆలిమా కోర్సు చేసింది. తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను 'ఆపా' అనే పిలుస్తారు. ఆమె ఆయత్ చదివి తెలుగు అనువాదం చూసి అర్థం చెప్తుంది. యాభై ఏళ్ళు కంఠతా చదివిన మాటలకు అర్థం విన్నప్పుడు మా అమ్మ మొహంలో వచ్చిన మార్పును నేను చూశాను. ఆ తర్వాత ఆమె అడగడం మొదలుపెట్టింది.

ఒక వారం మెహర్ గురించి చెప్పారు. మెహర్ పెళ్ళికూతురి హక్కు, పెళ్ళికొడుకు ఇచ్చి తీరాల్సింది. మన దగ్గర జరుగుతున్నదేమిటి? మెహర్ నిఖానామాలో ఒక అంకెగా మిగిలిపోతుంది. 'జోడేకీ రఖమ్' పేరుతో లక్షలు మాత్రం అమ్మాయి ఇంటి నుంచి అబ్బాయి ఇంటికి నడిచి వెళ్తాయి. ఇది ఏ ఆయత్‌లో ఉందని ఒకామె అడిగింది. ఎక్కడా లేదంది ఆపా. అప్పుడు ఒక వితంతువు తన మాట చెప్పింది. భర్త జనాజా లేపేముందు పెద్దలు ఆమెను శవం దగ్గరికి తీసుకెళ్ళి మెహర్ మాఫ్ చేశానని చెప్పమన్నారట. ఏడుస్తూ ఊ అన్నదట. మెహర్ భర్త మీద అప్పు అని, ఆస్తి పంచుకోక ముందే తీర్చాల్సిన అప్పు అని ఆ రోజు వరండాలో తొలిసారి విన్నది. "అప్పుడు నేనన్న 'ఊ' చెల్లుతుందా?" అని అడిగింది.

నేను ఎన్నో సదస్సుల్లో స్త్రీల సమ్మతి గురించి సిద్ధాంత పత్రాలు విన్నాను. ఇంత పదునైన ప్రశ్న ఏ పత్రంలోనూ వినలేదు.

ఆపా వెంటనే జవాబు చెప్పలేదు. చదివి వస్తానంది. మరుసటి వారం వచ్చి, బలవంతాన అనిపించిన మాఫీ చెల్లదని చెప్పింది. ఆ వితంతువుకు డబ్బు రాలేదు, అత్తవారు నవ్వేశారు. కానీ ఏడాది తిరక్కుండా తన కూతురి నిఖాలో మెహర్ బంగారంగా, అక్కడికక్కడే ఇవ్వాలని రాయించింది. ఖాజీ సణిగాడు. సణిగి రాశాడు.

రోటీ సమస్యలు వదిలేసి మతం గోల ఏమిటని మన వామపక్ష మిత్రులు అంటుంటారు. వాళ్ళను నేనొకటి అడుగుతాను. మెహర్ మత సమస్యా, తిండి సమస్యా? ఇద్దత్ ఖర్చు, పిల్లల పోషణ, విడాకుల కాగితం లేకపోవడం వల్ల మళ్ళీ పెళ్ళి చేసుకోలేకపోవడం, ఇవి ఏ ఖాతాలో రాయాలి? సాధికారత అనే మాట మన ఊళ్ళలోకి డ్వాక్రా సంఘాలతో, పొదుపు పుస్తకాలతో వచ్చింది. అందువల్ల దాన్ని రూపాయల్లో కొలవడం అలవాటైంది. ఆ మాట లోపల అధికారం ఉంది. అధికారం అంటే నీ మాట చెల్లడం. ఆ వితంతువు అడిగింది సరిగ్గా అదే.

ఇలాంటి ప్రశ్నలు వరండా దాటి కోర్టులకు చేరిన చరిత్ర కూడా మన కళ్ళముందే ఉంది. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముమ్మారు తలాఖ్‌ను కొట్టేసింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. ఆ ముగ్గురిలో ఇద్దరు రాజ్యాంగంలోని సమానత్వ సూత్రాన్ని ఆధారం చేసుకున్నారు. మూడో న్యాయమూర్తి కురియన్ జోసెఫ్ ఖుర్ఆన్‌నే ఆధారం చేసుకుని, ఇది ఖుర్ఆన్‌కు విరుద్ధం కాబట్టి షరియత్ కాజాలదన్నారు. ఆ ఓటు అటు పడుంటే తీర్పు తలకిందులయ్యేది. ఖుర్ఆన్ ఆధారంగా ఈ వాదన చేస్తూ వచ్చినవాళ్ళలో 2007లో మొదలైన భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ కూడా ఉంది. తీర్పుకు రెండేళ్ళ ముందు వాళ్ళు పది రాష్ట్రాల్లో 4,710 మంది ముస్లిం స్త్రీలను కలిసి అడిగితే 92.1 శాతం మంది నోటిమాట తలాఖ్ పోవాలన్నారు. అటువైపు ముస్లిం పర్సనల్ లా బోర్డు నిర్ణయం తీసుకునే శక్తి మగవాళ్ళకే ఎక్కువని కోర్టుకు రాసిచ్చింది. ఆ బోర్డు పుట్టింది 1973లో మన హైదరాబాదులోనే అని కూడా గుర్తుపెట్టుకుందాం.

ఖులా కథ ఇంకా దగ్గరిది. కేరళలో 1972 నాటి ఒక తీర్పు వల్ల ముస్లిం స్త్రీకి కోర్టు బయట విడాకులు తీసుకునే దారి మూసుకుపోయింది. మగవాడికి తెరిచే ఉంది. 2021లో కేరళ హైకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, ఖులా కోరే హక్కు స్త్రీకి సంపూర్ణంగా ఉందని, అది భర్త ఒప్పుకోలు మీద ఆధారపడదని, ముఫ్తీ ఇచ్చే పత్రం తప్పనిసరి కాదని చెప్పింది. ఇంతకాలం హైదరాబాదు పాతబస్తీలో, కర్నూల్లో, నిజామాబాద్‌లో ఖులా కావాలన్న ఆడవాళ్ళకు దొరికిన జవాబు ఏమిటో ఆ బస్తీల్లో తిరిగినవాళ్ళకు తెలుసు. ఆయన ఒప్పుకుంటేనే అనేవాళ్ళు. మెహర్ వదులుకో అనేవాళ్ళు. బంగారం కూడా ఇచ్చెయ్ అనేవాళ్ళు. స్త్రీ హక్కు భర్త దయగా మారింది వ్యాఖ్యానం వల్లే. ఈ తీర్పు గురించి మన సాహిత్య పత్రికల్లో పెద్ద చర్చేమీ నా కంటపడలేదు.

దారుల్‌షిఫా సంగతీ అంతే. అక్కడి ఇబాదత్‌ఖానాలో ప్రార్థన చేసుకోనివ్వాలని షియాల్లోని అక్బారీ శాఖ స్త్రీల తరఫున కోర్టుకు వెళ్తే 2023 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు మధ్యంతర ఆదేశం, 2024లో తుది తీర్పు వాళ్ళకు అనుకూలంగా ఇచ్చింది. స్త్రీలు ప్రార్థనా స్థలాలకు రాకూడదని ఖుర్ఆన్‌లో ఎక్కడా లేదని గుర్తుచేసింది. శబరిమల మీద ప్రత్యేక సంచికలు వేశాం కదా. చార్మినార్‌కు నడిచి వెళ్ళే దూరంలో ఉన్న దారుల్‌షిఫా మనకు ఎందుకంత దూరమైంది?

తమిళనాడులో పుదుక్కోట్టైలో దావూద్ షరీఫా ఖానం నడిపించిన స్త్రీల జమాత్‌ది ఇంకో దారి. ఊరి జమాత్ అంటే మసీదులో కూర్చుని కుటుంబ తగాదాలు తీర్చే మగపెద్దల సభ. ఎవరి కాపురం గురించి తీర్పు చెప్తున్నారో ఆ స్త్రీకి లోపలికి ప్రవేశం ఉండదు. 2000ల మొదట్లో అక్కడి స్త్రీలు తమ జమాత్ తామే పెట్టుకున్నారు. ఫిర్యాదులు వింటారు, మగపెద్దలను, పోలీసులను నిలదీస్తారు. దీపా ధన్‌రాజ్ 2011లో తీసిన 'ఇన్వోకింగ్ జస్టిస్' డాక్యుమెంటరీలో ఆ సభలు చూడొచ్చు. వాళ్ళ దగ్గర పెద్ద సిద్ధాంతాలు లేవు. అర్థం చెప్పే కుర్చీలో మేము కూడా కూర్చుంటాం అన్నారు, కూర్చున్నారు.

బాను ముష్తాక్‌కు 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చినప్పుడు మనం పండగ చేసుకున్నాం. పక్క భాష రచయిత్రి, స్త్రీల కథలు, అంతా బాగుంది. అయితే స్త్రీలకు మసీదు ప్రవేశం ఉండాలని వాదించినందుకు 2000లో ఆమె సాంఘిక బహిష్కరణకు గురైందన్న సంగతి నేను చదివిన తెలుగు వ్యాసాల్లో ఒక వాక్యంగా వచ్చి పోయింది. ఆమె కథలకూ ఆ వాదనకూ ఉన్న సంబంధాన్ని పట్టించుకున్నవాళ్ళు అరుదు. కథ రాసే బాను మనకు కావాలి. మసీదులోకి వస్తానన్న బాను మనకు అర్థం కాదు.

నా పరిశోధన తెలుగు కథల్లో ముస్లిం స్త్రీ పాత్రల మీద. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' సంకలనాలు తెలుగు సాహిత్యానికి ఒక కొత్త లోకాన్ని తెరిచాయి. షాజహానా 'నఖాబ్' కవితలు లేకుండా మన స్త్రీవాద కవిత్వం గురించి మాట్లాడలేం. ఆ ఋణం ఒప్పుకుంటూనే ఒక మాట. నేను చదివిన కథల్లో నమాజు చేసే స్త్రీ చాలావరకు నానమ్మో, మౌనంగా ఏడ్చే భార్యో. ప్రశ్నించే స్త్రీ వచ్చేసరికి జానమాజ్ కథలోంచి మాయమవుతుంది. నమాజు చేసి లేచి ఖాజీతో తగాదాపడే స్త్రీ మా ఊళ్ళో ఉంది, మన కథల్లో దాదాపుగా లేదు. ముస్లింవాద విమర్శ బయటి శత్రువు మీద ఎక్కుపెట్టినంత చూపు లోపలి పెద్దరికం మీద పెట్టలేదు. స్త్రీవాద విమర్శ లోపలి పెద్దరికం చూసింది గానీ దానితో లోపలే తలపడుతున్న స్త్రీని చూడలేదు.

ఇక రెండో వైపు. విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు వేరే గాలి వీస్తోంది. సబా మహమూద్ 1990లలో కైరోలోని మసీదుల్లో ధార్మిక పాఠాలు చెప్పుకునే స్త్రీల మధ్య పరిశోధన చేసి 2005లో 'పాలిటిక్స్ ఆఫ్ పయిటీ' రాసింది. ఎదిరిస్తేనే స్త్రీకి కర్తృత్వం ఉన్నట్టు లెక్కేయడం పాశ్చాత్య ఉదారవాదపు అలవాటు అని, భక్తిలో తనను తాను మలుచుకోవడం కూడా కర్తృత్వమే అని ఆమె వాదించింది. అది గొప్ప పుస్తకం. మన తిరస్కారాన్ని కదిలించిన పుస్తకం. కానీ దాన్ని పట్టుకుని మన అకడమిక్ మిత్రులు కొందరు చేస్తున్నదేమిటి? భక్తిగల స్త్రీని చూడగానే నోటికి తాళం వేసుకుంటున్నారు. ఆమె ఎంపికను గౌరవించాలి అంటారు. గౌరవించాల్సిందే. మరి ఆ వరండాలోనే ఇంకో వారం, భర్త కోపంగా ఉన్నప్పుడు భార్య గొంతు పెంచకూడదని పాఠం జరిగితే? అప్పుడు కూడా వినమ్రంగా నోట్సు రాసుకుని రావాలా? ప్రశ్న అడగకపోవడం గౌరవం అనిపించుకోదు. తోటి మనిషిగా లెక్కచేస్తే వాదిస్తాం. వస్తువుగా చూస్తేనే దూరం నుంచి మెచ్చుకుంటాం.

2018లో ముమ్మారు తలాఖ్ బిల్లుకు వ్యతిరేకంగా లా బోర్డు పిలుపు మీద నగర నగరాన వేలమంది ముస్లిం స్త్రీలు మౌనంగా ఊరేగారు. అది ముస్లిం స్త్రీల ధార్మిక కార్యాచరణ కాదా అంటే అవుననే అంటాను. వాళ్ళ భయాలు ఉత్తుత్తివి కావు. 2019లో వచ్చిన చట్టం తలాఖ్ చెప్పిన భర్తను మూడేళ్ళ దాకా జైల్లో పెట్టొచ్చంది. ముస్లిం పురుషుణ్ణి జైలుకు పంపడానికి ఇంకో దారి దొరికిందని భయపడటం సహజం. ఆ శిక్ష మీద ముస్లిం స్త్రీల సంఘాలే రెండుగా చీలాయి. కానీ ఆ ఊరేగింపుల్లో నడిచిన స్త్రీలకు బోర్డు నిర్ణయాల్లో ఎంత వాటా దక్కింది? అంతమందిని వీధిలోకి తెచ్చిన మహిళా విభాగాన్ని 2022లో బోర్డే నిలిపేసింది. కాళ్ళు కావాల్సి వచ్చినప్పుడు పిలిచారు. నోరు వచ్చేసరికి తలుపేశారు.

అందుకే నా కొలబద్ద ఇది. ఒక ధార్మిక సమూహంలో స్త్రీకి అర్థం అడిగే హక్కు, అర్థం చెప్పే హక్కు, చెప్పిన అర్థాన్ని కాదనే హక్కు ఉన్నాయా? ఖాజీ మాటనే కాదు, రేపు ఆపా మాటను కూడా కాదనొచ్చా? ఉంటే అక్కడ సాధికారత మొదలైంది. వాళ్ళు బురఖా వేసుకున్నారా, నమాజు అయిదు పూటలా చేస్తారా అన్నది అప్రస్తుతం. లేకపోతే అది విధేయతకు ఇంకాస్త మంచి శిక్షణ. దాన్ని నడిపేది ఆడవాళ్ళే అయినా సరే.

రాజ్యాన్ని కూడా ఇదే కొలబద్దతో కొలవాలి. కర్ణాటకలో హిజాబ్ గొడవ మీద 2022 మార్చిలో హైకోర్టు హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదంది. అదే అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో మాట చెప్పారు. ఇక్కడ మౌల్వీ స్థానంలో న్యాయమూర్తి కూర్చుని తఫ్సీర్ చెప్పాడు. గేటు బయట నిలబడిన అమ్మాయి అడిగింది తన చదువు, తన తల మీది గుడ్డ. దాని అర్థం ఆమెను అడగాలని పెద్దమనుషులెవరికీ తోచలేదు. ఖులా తీర్పుకు సంతోషించిన నేనే ఈ తీర్పుకు భయపడతాను. న్యాయమూర్తి దయ మీద నిలబడిన అర్థం ఇంకో న్యాయమూర్తి చేతిలో మారిపోతుంది. స్త్రీలు తమకు తాము కూడగట్టుకున్న అర్థం అంత తేలిగ్గా పోదు.

ఇల్లు తగలబడుతుంటే ఇంటి లోపలి తగాదా ఇప్పుడెందుకు, సమాజం ముట్టడిలో ఉంది అంటారు మా అన్నలు. షాహీన్‌బాగ్‌లో 2019 డిసెంబరు చలిలో రోడ్డు మీద కూర్చున్నదెవరు? సమాజం కోసం మొదట బయటికొచ్చిన ఆ నానీలకు, అమ్మీలకు మసీదు లోపల చోటు అడిగే సమయం ఎప్పుడూ రాదా? ముట్టడి ఎప్పుడు లేదు గనక? షాబానో తీర్పు వచ్చిన 1985లోనూ ఇదే మాట చెప్పారు. మరుసటేడు ఆమె భరణం హక్కును కుదించే చట్టం తెచ్చుకున్నారు. వాయిదా కూడా ఒక తీర్పే.

మన పత్రికలతో, మన శాఖలతో నాకున్న కోరికలు పెద్దవేమీ కావు. ముస్లిం స్త్రీల మీద ప్రత్యేక సంచిక వేసినప్పుడు ఖాజీతో తగాదాపడిన ఆమెను కూడా పిలవండి. మెర్నిస్సీని, వదూద్‌ను, ఆస్మా బర్లాస్‌ను తెలుగులోకి తెండి. చిలుకూరి నారాయణరావు ఎప్పుడో ఖుర్ఆన్‌ను తెలుగు చేశాడు. ఆ ఖుర్ఆన్‌ను తిరగచదివిన స్త్రీలను తెలుగు చేయడానికి ఇంకా ఎన్నాళ్ళు? స్త్రీవాద విమర్శ పాఠ్యప్రణాళికలో తఫ్సీర్‌కు ఒక యూనిట్ ఇవ్వండి. అది మతబోధ అవుతుందని భయం వద్దు. మనుస్మృతిని, రామాయణాన్ని చదువుతూనే ఉన్నాం కదా. అన్నిటికంటే ముందు, మాట్లాడే ముస్లిం స్త్రీని లోపలున్నావా, బయటున్నావా అని అడగడం మానండి. ఆమె ఏం చెప్తోందో అడగండి.

"అప్పుడు నేనన్న 'ఊ' చెల్లుతుందా" అన్న ప్రశ్నకు మా ఊరి ఆపా వారం రోజులు చదివి వచ్చి జవాబు చెప్పింది. ఇన్నేళ్ళ సిద్ధాంత చర్చ తర్వాత మన జవాబు ఏమిటి?